బిందు చెప్పనన్న మాట

ఆ పూట బిందు ఏమని ఉండాల్సింది? ఇన్నేళ్లుగా ఏవేవో పుస్తకాలు తిరగేశాను, ఈ ఒక్కదానికి నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు.

బిందుది ఎడ్లపాడు, మిరప రైతు కూతురు. మానసిక వైద్యం చదివి బెంగళూరులో పరిశోధన చేస్తోంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి మతి చెదిరే జబ్బు ఎందుకొస్తుంది, జన్యువుల్లో దాని జాడ ఉందా అన్నది ఆమె పని. రొంపిచెర్ల దగ్గర మా ఊళ్లో, మా ముందుగది అద్దెకు తీసుకుని నెలకోసారి వచ్చేది. రక్తం సేకరించేది, రోగులకు మందులూ చూసేది. ఆమె చిన్నాన్నకూ ఈ జబ్బే వస్తే, ఎవరికీ తెలియకుండా గొడ్లపాకలో కట్టేసి ఉంచారట. "జబ్బును దాచి మనిషిని చంపారండీ" అంది ఒకసారి, పళ్లు బిగబట్టి.

మా ఎదురింటి కోటమ్మ కొడుకు మహేష్ గోడలతో మాట్లాడేవాడు. బిందు మందులతో తేరుకుని కోల్డ్ స్టోరేజీలో పనికి పోతున్నాడు. గుట్టు బయటపడకూడదన్న మాట మీద కోటమ్మ ఇంటిల్లిపాదీ రక్తమిచ్చారు. అప్పుడే కూతురు తేజస్వికి దుర్గి నుంచి సంబంధం వచ్చింది.

మా వైపు సంబంధాల కోసం ఆరా తీసేవాళ్లకు ఎవరూ చెడు చెప్పరు. మంచి ఇల్లయితే నోరారా పొగుడుతారు. లేదంటే నాకు తెలియదు, మీరే చూసుకోండి అంటారు. అది చాలు, వచ్చినవాళ్లు చెప్పులేసుకుంటారు.

పెళ్లికొడుకు తండ్రి సుధాకర్ వీధంతా అడిగాడు. అందరూ మంచే చెప్పారు. చివరికి మా అరుగు మీద బిందు కనపడింది.

"కోటమ్మ ఇంట్లో నెత్తురు తీశారంట. ఏమన్నా ఉందా డాక్టరమ్మా?"

"ఎవరింటి సంగతీ నేను బయట చెప్పకూడదండీ."

"ఉంటే ఉందనొద్దులే. లేకపోతే లేదను, చాలు."

"అదీ చెప్పను. ఒకరి రక్తం చూసి వాళ్ల పిల్లలకు వస్తుందో రాదో తేల్చే పరీక్ష ఇంకా ఎక్కడా లేదు."

ఆ రెండో మాట అతని చెవికెక్కలేదు. కాఫీ సగంలో వదిలేసి లేచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తాగొచ్చి పెళ్లాన్ని తన్నేవాడికి పిల్లనిచ్చే ఊళ్లు ఇవి. మాత్ర మింగి బుద్ధిగా పనికి పోయేవాడి చెల్లెల్ని మాత్రం చేసుకోరు.

మర్నాడు సంబంధం వద్దని ఫోనొచ్చింది. బిందు ఎదురింటికి వెళ్లింది. కోటమ్మ గడప దాటనివ్వలేదు.

"ఏమీ లేదని చెప్తే నీ సొమ్మేం పోయింది అమ్మాయ్? ఒక్క మాట."

"ఇవాళ మీకు లేదన్నాననుకో పిన్నీ, రేపు ఇంకో ఇంటికి అనలేకపోతే? ఆ ఇంటిని నేనే ముంచినట్టు గదా."

"ఇంకో ఇల్లు నీకు. నా పిల్ల నాకు. మా నెత్తురు మాకిచ్చెయ్. నీ చదువులో మేమొద్దు."

"వద్దంటే తీసేయిస్తాను. నన్ను ఎంతయినా తిట్టు. మహేష్ మాత్రలు మాత్రం ఆపొద్దు."

"ఆ మాత్రలు కనపడబట్టే గదా ఈ గోలంతా." తలుపు మూసుకుంది.

"నువ్వు కూడా గొడ్లపాక చూసుకో, పో" అంది బిందు మూసిన తలుపుతో. ఆమె నోట అంత మాట నేనెప్పుడూ వినలేదు. ఆపైన నెలకు సరిపడా మాత్రల పొట్లం వాళ్ల గడప మీద పెట్టింది. మా గదిలోకొచ్చి బట్టలు సర్దుకుంది. నేను అరుగు మీదే నిలబడి ఉన్నాను. నన్ను దాటుకునే వెళ్లి కారెక్కింది, తలెత్తి చూడలేదు.