మా కాలేజీ పిల్లలకే ముందు

ఇప్పటికీ నా ఓపీ గదిలోకి బిడ్డను వెంటబెట్టుకుని వచ్చే తండ్రులు, జ్వరం సంగతి అయిపోయాక, గొంతు తగ్గించి అదే మాట అడుగుతారు. ఫలానావాళ్ల డిగ్రీ కాలేజీలో చేర్పిస్తే వాళ్ల మెడికల్ కాలేజీలో సీటు ముందు మన పిల్లకే ఇస్తారట కదా మేడం, అని. ఇవ్వరు. ఈ మాట నేను మెల్లగా చెప్పను, గట్టిగానే చెబుతాను. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లకు వినబడితే మరీ మంచిది. ఎంబీబీఎస్ సీటు నీట్ ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో వస్తుంది. పీజీ దగ్గర సొంత విద్యార్థులకు కొంత వాటా పెట్టుకున్న సంస్థలు లేకపోలేదు. కానీ ఆ సంగతి వాళ్లు అచ్చువేసి అందరికీ చూపిస్తారు, ఎవరి చెవిలోనూ ఊదరు. నాకింత కోపం ఎందుకంటే, అట్లా చెవిలో ఊదిన మాటకు చేతికొచ్చిన సీటు పోగొట్టుకోబోయినదాన్ని నేను.

మాది అత్వెల్లి. నాయిన మేడ్చల్ రోడ్డు మీద బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఎండాకాలం వస్తే కాలిపోయిన మోటార్లు షాపు ముందు వరసగా పడి ఉండేవి. నాయిన ఏనాడూ ఆ వరస పాటించలేదు. ఏళ్ల తరబడి తన దగ్గరికే వచ్చేవాళ్ల మోటారు ముందు విప్పేవాడు, కొత్తవాళ్లది పొద్దున్నే వచ్చినా పక్కన పెట్టేవాడు. ఇదేం పద్ధతి అని అడిగితే, మన గిరాకీని మనం చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారనేవాడు. ఆయన దృష్టిలో అది అన్యాయం కాదు, మర్యాద. లోకమంతా అట్లాగే నడుస్తుందని ఆయన నమ్మకం.

శామీర్‌పేట అవతల ఒక ట్రస్టువాళ్లకు డిగ్రీ కాలేజీ, అదే ఆవరణలో మెడికల్ కాలేజీ ఉండేవి. ఇంటర్ ఫలితాలు రాగానే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించుకునే వాళ్ల పీఆర్వో మా ఇంటికీ వచ్చాడు. నాకు మొదటిసారి నీట్‌లో ర్యాంకు సరిపోలేదు. సుచిత్ర సెంటర్‌లో లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పోతానని మొండికేసి కూర్చున్నాను. ఆ పెద్దమనిషి మా చాయ్ తాగి, మా డిగ్రీ పిల్లలంటే మా ఇంటి పిల్లలే, వాళ్లను కాదని మెడికల్ సీటు బయటివాళ్లకు ఎట్లా ఇస్తాం అన్నాడు. నాయినకు అది ఇట్టే అర్థమైపోయింది. అచ్చం తన షాపులో లెక్కే కదా! నేను రెండు రోజులు కొట్లాడాను, ఒకపూట అన్నం మానేశాను, అయినా చివరికి వాళ్ల బీఎస్సీలోనే చేరాను.

మా క్లాసులో సగం మంది అదే గంపెడాశతో చేరినవాళ్లే. కిటికీలోంచి తెల్లకోట్లు కనబడితే చాలు, వచ్చే ఏడు మనమూ అటే అనుకునేవాళ్లు. నాకెందుకో నమ్మకం కుదరలేదు. పాత ప్రశ్నల పుస్తకాలు తెచ్చుకుని బస్సులో చదివాను, ఇంట్లో చదివాను, బోటనీ క్లాసులో దొంగతనంగా ఫిజిక్స్ చదివాను. రెండోసారి ర్యాంకు వచ్చింది. ఇంకో జిల్లాలో గవర్నమెంటు మెడికల్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు వచ్చింది. మర్నాడు సాయంత్రంలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లతో అక్కడ రిపోర్టు చేయాలి. లేకపోతే సీటు పోతుంది. ఆ ఒరిజినల్స్ అన్నీ డిగ్రీ కాలేజీ దగ్గరే ఉన్నాయి. ఎవరూ మధ్యలో వెళ్లిపోకుండా చేరిన రోజే తీసి పెట్టుకుంటారు.

మర్నాడు పొద్దున్నే నాయినా నేనూ డిగ్రీ కాలేజీకి వెళ్లాం. ప్రిన్సిపాల్ శుభాకాంక్షలు చెప్పి, సర్టిఫికెట్లు హెడ్డాఫీసులో ఉన్నాయి, రావడానికి పదిరోజులు పడుతుందన్నాడు. తర్వాత గొంతులో తేనె కలిపి, అంత దూరం ఎందుకు, ఆ సీటు వదిలెయ్యండి, తర్వాతి రౌండులో మన మెడికల్ కాలేజీలోనే చూద్దాం, మన పిల్లలకే కదా ముందు అన్నాడు. నాయిన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు తిరిగాడు.

"సారు గింత చెప్తుండు గదా బిడ్డా. ఒక్క రౌండు ఆగి చూద్దామా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ క్షణంలో ప్రిన్సిపాల్ కంటే నాయిన మీదే ఎక్కువ కోపం వచ్చింది. బ్యాగులోంచి తెల్లకాగితం తీసి టేబుల్ మీద పెట్టాను.

"గదే మాట గీ కాగితం మీద రాసి ముద్రేసి ఇయ్యండి సార్. నాకొచ్చిన సీటు ఇయ్యాల్నే ఇడిసిపెడత."

ఆయన నవ్వి, ఇలాంటివి రాసిచ్చేవి కావమ్మా, నమ్మకం మీద నడుస్తాయి అన్నాడు. నేను పెన్ను కూడా ఆయన ముందుకు జరిపాను. ఆయన ఫోను చూసుకున్నాడు, అటెండరును పిలిచి ఏదో అడిగాడు. పెన్ను మాత్రం ముట్టలేదు. నాయిన చూపంతా ఆ పెన్ను మీదే ఉంది. కాసేపటికి కట్టుకున్న చేతులు విప్పి, ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"గట్లయితే నేనే రాస్త సారూ. నా బిడ్డ కాగితాలు అడిగితే ఇయ్యాల ఇయ్యలేదని రాస్త. కింద మీరు సంతకం పెట్టున్రి. కౌన్సెలింగోళ్లకు సూపిస్త."

నాయిన చదివింది ఏడో తరగతి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, కాగితం చిరుగుతుందేమో అన్నంత ఒత్తి రాయడం మొదలుపెట్టాడు. రెండో వరస పూర్తికాకముందే, హెడ్డాఫీసులో ఉన్న నా సర్టిఫికెట్లు ప్రిన్సిపాల్ కుర్చీ వెనక బీరువాలోంచి బయటికి వచ్చాయి. థాంక్స్ చెప్పలేదు. అక్కడే నిలబడి ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను.

బయట వరండాలో అలియాబాద్ అమ్మాయి ఎదురైంది. ఏడాదంతా క్లాసులో నా పక్కనే కూర్చున్న పిల్ల, నాలాగే డాక్టర్ కావాలని వచ్చిన పిల్ల. పక్కకు తీసుకుపోయి జరిగిందంతా చెప్పాను. ముందు మనకే అన్నది వట్టిమాట, ఒక్క వరస రాసివ్వమంటే ఆయన చెయ్యి కదల్లేదు, నువ్వు కూడా ఇవాళే మీవాళ్లను పిలిపించి సర్టిఫికెట్లు తీసుకో, పోయి కోచింగ్‌లో చేరు అన్నాను. అంతా శ్రద్ధగా విన్నది. నా చేయి పట్టుకుంది. కళ్లు మెరుస్తున్నాయి.

"నువ్వు పోతున్నవ్ గదనే, మన కాలేజీల ఒకలు తగ్గినట్టే. ఇగ నాకొస్తదేమో."

వెటకారం కాదు. నిజంగానే సంతోషపడుతూ అంది.