చెంబెడు నీళ్ల పాఠం

మాటలు రాని పిల్లలకు బడిలో మాటలు నేర్పే ఉద్యోగం నాది. అలాంటి నేను చెంబెడు నీళ్లు అడగలేక, గోరంట్ల పక్క పల్లెలో మిట్టమధ్యాహ్నం ప్రాణాల మీదికి తెచ్చుకున్నాను. నవ్వండి, పరవాలేదు. ఆ ఊళ్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఉద్యోగంలో చేరిన కొత్త. నాకు తెలియనిది లోకంలో లేదనుకునే రోజులు. ఒకటో తరగతిలో నాగవేణి అని ఒక పిల్ల ఉండేది. చెవులు బాగా వినిపిస్తాయి, చెప్పింది అర్థమవుతుంది, నోరు మాత్రం తెరవదు. ఏం కావాలన్నా వేలు చూపిస్తుంది. అమ్మానాన్నలు బెంగళూరులో కట్టడం పనికి పోతే అవ్వ ఓబులమ్మే పెంచుతోంది. వేలు లేచేలోపే అవ్వ తెచ్చి చేతిలో పెట్టేస్తుంది. ఇంక ఆ పిల్లకు మాటతో పనేముంది!

"అవ్వా, నోరు తెరిచి అడిగేదాకా ఏమీ ఇవ్వకు," అన్నాను గట్టిగా, ఆమెను బడికి పిలిపించి.

"ఏడిస్తేనో?"

"ఏడ్చినా ఇవ్వకు."

"నీళ్లు గూడానా? మా ఊర్లో నీళ్లు లేదనేది పాపమమ్మా."

"నీళ్లు కూడా! వచ్చే వారం నేనే ఇంటికొచ్చి చేసి చూపిస్తాగా."

అవ్వ కళ్లు ఒత్తుకుంది. "ఆదివారం దాని అమ్మ ఫోన్ చేస్తాది. 'అమ్మా' అను పాపా అని బతిమాల్తాది. ఇది ఉలకదు, పలకదు. అది ఆడ ఏడుస్తాది, నేనీడ ఏడుస్తా. సరేలేమ్మా, నువ్వు చెప్పినట్లే చేస్తా."

నీళ్ల మాట వెనక్కి తీసుకుందామనిపించింది. అయినా డాక్టరమ్మ ముఖం పెట్టుకునే ఆమెను పంపించేశాను.

ఆ వారమే బడిలో ఆటల పోటీలు. మైకు పాడైంది. గొంతు ఎలా కాపాడుకోవాలో ముందురోజే టీచర్లందరికీ ఉపన్యాసం దంచిన నేను, కబడ్డీ కోర్టు పక్కన నిలబడి పొద్దుగూకేదాకా అరిచాను. తెల్లారేసరికి గొంతు లేదు. 'ఆ' అంటే గాలి వస్తోంది.

అవ్వ ఇంటికి వస్తానన్నది ఆ రోజే. మానుకుంటే సరిపోయేది కదా? పోయాను. బస్సు దిగి, నీడన్నది లేని బాటలో నడిచేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. గుమ్మంలో కూలబడి చెంబు వైపు వేలు చూపించాను.

అవ్వ ముఖం వెలిగిపోయింది. "చూడు పాపా! మేడం నీకు చేసి చూపిస్తాండాది!"

కాదు కాదని చేతులూపాను.

"అబ్బబ్బ, ఏం చేస్తాండావమ్మా! అచ్చం నిజమే అనుకోవల్ల!" చెంబు నింపి నా ముక్కు ముందే పట్టుకుంది. "అడుగు. నోరు తెరిచి అడుగు."

తెరిచాను. గాలి వచ్చింది. గొంతు పట్టుకున్నాను, దణ్ణం పెట్టాను. చివరికి నిజంగానే ఏడుపొచ్చింది.

"ఏడ్చినా ఇయ్యగూడదు. నువ్వే చెప్తివి కదా!"

"యాడ నేర్చుకున్యావు మేడం ఈ యాక్టింగు?" గోడ మీదినుంచి పక్కింటామె మెచ్చుకుంది.

నాగవేణి నన్ను చూసింది. చెంబును చూసింది. వారం నుంచీ బడిలో తప్ప ఇంట్లో చుక్క నీళ్లు దొరకని దానికి ఆ బాధేమిటో బాగా తెలుసు. అవ్వ కొంగు పట్టి లాగింది.

"అవ్వా, ఇయ్యి! మేడంకి నీళ్లియ్యి!"

అవ్వ చేతిలో చెంబు జారిపోయింది. "నా తల్లీ!" అని పిల్లను వాటేసుకుని గొల్లుమంది. నేనూ ఏడ్చాను, గొంతు లేకుండానే. అవ్వ బెంగళూరుకి ఫోన్ కలిపి పిల్ల చెవికి పెట్టింది. నాగవేణి ఊపిరి గట్టిగా పీల్చుకుని ఫిర్యాదు చేసింది:

"అమ్మా! అవ్వ మేడంకి నీళ్లియ్యలేదు!"

అవతల అమ్మ ఏడుస్తోంది, ఇవతల అవ్వ ఏడుస్తోంది, పక్కింటామె గోడ దూకి వచ్చి మరీ ఏడుస్తోంది. నాకు నీళ్లిచ్చిన వాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ ఒలికిన నీళ్ల సాక్షిగా శపథం చేశాను: ఈ జన్మలో ఎవరి చేతా నీళ్లు అడిగించను. అప్పటినుంచి నా సంచిలో రెండు సీసాలుంటాయి. ఒకటి నాకు. రెండోది, ఎవరైనా వేలు చూపిస్తే చాలు, ఇచ్చేయడానికి.