అమ్మమ్మకూ పులికీ పడదు

మా అమ్మమ్మ లియోకాదియా పిరాన్యా చేపల పులుసు కాచిందంటే కుయబా నది కూడా రెండు నిమిషాలు ఆగి, వాసన చూసి మరీ కదులుతుంది. ఆ పులుసు తాగిన కొత్త పెళ్లికొడుకు పెళ్లాన్ని వదిలేసి వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు. పెళ్లికూతురు వెతుక్కుంటూ వచ్చి తానూ పక్కనే కూర్చుంది.

అంతటి మనిషికి పోటీ తగిలింది. ఆ పోటీకి నాలుగు కాళ్లు, ఒళ్లంతా మచ్చలు.

చిత్తడి నేలల నడుమ ఉన్న మా విడిదికి అతిథులు వచ్చేది జాగ్వార్ అనే మచ్చల పులిని చూడడానికే. ఏ పడవవాడికి పులి కనబడినా రేడియోలో కబురు చెబుతాడు. రేడియో గరగరమనగానే అతిథులు నోట్లో ముద్దతోనే పడవల్లోకి పరుగెత్తుతారు. ఇరవై రెండేళ్లుగా వండుతున్న అమ్మమ్మకు మిగిలేవి సగం తిన్న పళ్లేలు. ఈ ఏడాది కొత్తగా వచ్చిన ఆడపులికైతే బెలీన్యా అని పేరు కూడా పెట్టారు.

"నా పేరేంటని అడిగినవాడు ఒక్కడూ లేడు. దానికి నామకరణం చేశారు!" అని అమ్మమ్మ పెనం మీద గరిటె మోగించేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం పకూ చేప పక్కటెముకలు వేయించింది. ఐదు రోజులుగా పులి కనబడని ఒక గుంపుకు అది ఆఖరి భోజనం. తినగానే ప్రయాణం. ఒక్క పూటైనా తన వంట చివరిదాకా తినాలని అమ్మమ్మ పంతం. రేడియోను కర్రపెండలం పిండి డబ్బాలో పాతిపెట్టి మూత బిగించింది.

"అత్తా, రేడియో ఏదీ?" అన్నాడు పడవ నడిపే అనీసియో.

"నేనేమన్నా దాన్ని వేయించి పెట్టానట్రా? కూర్చుని తిను."

"పులి వస్తే?"

"రానీ. దానికీ ఓ పళ్లెం పెడతాలే."

వచ్చింది. అవతలి ఒడ్డున ఇసుకలోకి దిగి, సరిగ్గా వంటింటి కిటికీకి ఎదురుగా కూర్చుంది. అతిథులు నదికి వీపు పెట్టి తింటున్నారు. చూసింది అమ్మమ్మ ఒక్కతే.

"నా ఆదివారమే దొరికిందటే నీకు?" అని గొణిగింది.

చెబితే పళ్లేలు వదిలేస్తారు. చెప్పకపోతే పులిని చూడకుండానే ఊరెళ్లిపోతారు. వాళ్లలో ఒక ముసలావిడ పొద్దున పడవ దిగుతూ కళ్లు తుడుచుకుంది. అమ్మమ్మ ఆవిడ వైపు చూసింది, పులి వైపు చూసింది, ఆవిడ పళ్లెంలో మరో రెండు ముక్కలు వేసింది. ముసలావిడ వేళ్లు నాకింది. అక్కడ పులి పంజా నాకింది.

పెనం ఖాళీ అయ్యాక అమ్మమ్మ గరిటెతో కిటికీ బయటికి చూపించింది. కుర్చీలు బోర్లాపడ్డాయి. ముసలావిడ ఏడుస్తూ నవ్వింది. వంట ఊసు ఎవరూ ఎత్తలేదు.

"మురిసిపోతున్నారు చూడు! అది ఒక్క ఉల్లిపాయైనా తరిగిందా?" అంటూ అమ్మమ్మ పళ్లేలు తీసింది.

గిన్నెలు కడిగేటప్పుడు నేను అడిగాను. "ఆవిడ మీద జాలేసి చెప్పావు కదూ అమ్మమ్మా? అలాగే రాస్తున్నా."

"జాలీ లేదు, గీలీ లేదు. చేపలైపోయాయి, చెప్పాను."