లాకుల దగ్గర అయిదు నులక మంచాలు

గోదావరి జిల్లాలో ఒక ఊరిని నేను పుట్టించాను. తప్పు చెదలది.

రాయదుర్గం ఐటీ టవర్లలో మా ఆఫీసు పని ఇది: ఇంగ్లీషు దొరలు ఆ జిల్లా గురించి రాసిపెట్టిన పాత పుస్తకాన్ని, విదేశంలో ఉన్న ఒక పరిశోధకుడి కోసం కంప్యూటర్లోకి ఎక్కించడం. ఏ కాలువ ఎక్కడ చీలింది, ఏ లంకలో పొగాకు పండింది, ఏ రేవులో ధాన్యం పడవలు ఆగాయి, దేని గడిలో అది నింపాలి. గడి ఖాళీగా ఉంటే తర్వాతి పేజీ తెరుచుకోదు. ఒక్క గడి సొంతంగా అల్లినా ఇంటికే అని మా టీమ్ లీడ్ మొదటి రోజే చెప్పింది. యాభై దాటిన నన్ను ఈ చుట్టుపక్కల ఇంకెవరూ తీసుకోరని నాకూ తెలుసు.

అయినా శుక్రవారం సాయంత్రం, క్యాబ్ కింద హారన్ కొడుతుండగా, చెదలు తినేసిన ఒక పేజీ వచ్చింది. ‘ఊరి ముఖ్య ఆదాయం’ అన్న మాట తప్ప ఏమీ మిగల్లేదు. నింపేశాను.

ఆ ఊరు పండించేది ఆలస్యాన్నే అని రాశాను. కాలువ తలుపులు, అదే లాకుల్లో నీటిమట్టం సరిపడేదాకా పడవలు ఆగాలి కదా. ఆగినవాళ్ళకు ఊరివాళ్ళు గట్టు మీద అయిదు నులక మంచాలు అద్దెకిస్తారు. లాకులు తీసే మనిషికి వంతులవారీగా భోజనం పెడతారు, చివర గడ్డపెరుగు తప్పదు. ఆయన ఎంత గాఢంగా నిద్రపోతే ఊరికి అంత సుభిక్షం. నాలుగో మంచానికి ఒక కోడు పొట్టి, కింద ఇటుక పెడతారు కాబట్టి దానికి సగం అద్దె. ఊరికి పేరూ పెట్టాను. ఇక్కడ చెప్పను. చెబితే మీరూ మా చుట్టాల ఊరేనంటారు.

సోమవారం పరిశోధకుడి మెయిల్ వచ్చింది. పుస్తకం మొత్తంలో అంత గొప్ప పేజీ లేదట. వచ్చే నెల వచ్చి ఆ ఊరు చూస్తాడట. లీడ్ అందరి ముందూ చదివింది. నేను నోరు తెరిచేలోగా పక్క సీటాయన, కోనసీమ మనిషి, అందుకున్నాడు.

“ఆ ఊరాండీ? మా అమ్మమ్మగారి ఊరికి రెండు లాకుల అవతలేనండి. ఆ మంచాల మీద చిన్నప్పుడు పడుకున్నానండి.”

ఎదుటి సీటు నరసాపురం ఆవిడ వదల్లేదు. “మా తాతగారు పాస్టరండి. ఆ మంచాల దగ్గరే వాక్యం చెప్పేవారట. పడవ కదిలేదాకా ఎవరూ లేచి పోలేరు కదండీ.”

మధ్యాహ్నం లీడ్ దగ్గరకు వెళ్ళి ఒప్పుకున్నాను. “మేడం, ఆ ఊరు లేదు. నేనే రాశాను.”

“ఏంది సార్ గిది? ఇద్దరు ఉన్నదంటున్నరు, మీరొక్కరు లేదంటున్నరు. ఎవరి మాట వినాలె?”

“నాది వినండి.”

ఆమె కిటికీలోంచి ఖాజాగూడ రాళ్ళ వైపు చూసింది. “మాది గోపన్‌పల్లి. మా ఇంటెనక వరిపొలం ఉండె అంటే మా అపార్ట్‌మెంటోళ్ళే నమ్మరు. మీకేమో లేని ఊరికి సాక్షులు దొరికిన్రు.”

అయినా నిజాయితీ గల మనిషి, ఉన్నది ఉన్నట్టు మెయిల్ పెట్టింది. జవాబు మర్నాడే వచ్చింది. ఇద్దరు సాక్షులతో తాను స్వయంగా ఫోన్లో మాట్లాడాననీ, ఆ పెద్దమనిషికి జ్ఞాపకశక్తి తగ్గినట్టుందనీ. నా రిపోర్టులో ‘ఉన్న ఊరిని లేదనుట’ అని ఒక తప్పు నమోదైంది.

“ఇగ వాళ్ళు ఆడికి పోయినంక ఊరు దొరకకపోతే మాత్రం నేను మిమ్మల్ని కాపాడలేను సార్,” అంది లీడ్.

పరిశోధకుడు వచ్చాడు. సాక్షులిద్దరూ అతన్ని ఆ ఊరికి కారులో తీసుకెళ్ళారు. నేనూ వస్తానంటే పక్క సీటాయన నవ్వాడు. “మీకా దారి తెలీదు కదండీ.”

ఆదివారమంతా నా సొరుగులో ఏమేం ఉన్నాయో, ఏ సంచిలో పడతాయో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. సాయంత్రానికి ఆఫీసు గ్రూపులో ఒక ఫోటో పడింది. కాలువ గట్టు, వెనక లాకులు, గట్టు మీద అయిదు నులక మంచాలు. ఎక్కడివని అడిగితే, “ఎప్పుడూ ఉండేవే కదండీ” అని పక్క సీటాయన జవాబు.

ఫోటో పెద్దది చేసి చూశాను. నాలుగో మంచం కోడు కింద ఇటుక ఉంది. పరిశోధకుడు మిగతా నాలుగూ వదిలేసి దాని మీదే పడుకుని నిద్రపోతున్నాడు. సగం అద్దె అని చదివాడు కదా.