పడవకెక్కిన శాలిబండ మట్టి

హైదరాబాదు శాలిబండలో రేడియో మూగబోతే జనం ముందు దేవుణ్ణి తలుచుకునేవాళ్లు, తర్వాత దుర్గయ్యను తలుచుకునేవాళ్లు. దేవుడు తిట్టడు కాబట్టి ఆ వరస. దుర్గయ్య రేడియో రిపేరు దుకాణం ఎంత పెద్దదంటే, ఆయన లోపల కూర్చుంటే గిరాకీ రోడ్డు మీద నిలబడాలి, వెనక సైకిలువాడు బెల్లు కొడితే పక్కకు జరగాలి. అలా నిలబడ్డ మనిషి ఏ రోగం చెప్పుకున్నా ఆయన అడిగేది ఒకటే.

"ఎర్త్‌కు నీళ్లు పోసినవా?"

అప్పట్లో మంచి రేడియోకు పైన ఏరియల్ తీగ ఎంత అవసరమో, కింద భూమిలోకి ఎర్త్ తీగ కూడా అంతే అవసరం. దుర్గయ్య గిరాకీ ఇంటి పెరట్లో గొయ్యి తవ్వి, రాగి రేకు పాతి, బొగ్గూ ఉప్పూ మట్టీ కలిపి పూడ్చి, రోజూ చెంబెడు నీళ్లు పోయమని ఇంటావిడకు చెప్పి వచ్చేవాడు. రేకు తడిగా ఉంటే పాట శుభ్రంగా వచ్చేది, కాదనను. కానీ వాల్వు కాలిపోయినా, ఎలుక తీగ కొరికినా, చివరికి కరెంటే పోయినా తప్పు నీళ్లు పోయనివాళ్లదే. ముప్పై ఏళ్లలో దుర్గయ్య చేసిన తప్పు ఒక్కటీ లేదు. కావాలంటే ఆయన్నే అడిగి చూడండి.

1978లో ఈ మహానుభావుడికి సముద్రంతో పని పడింది. అప్పటిదాకా ఆయన చూసిన అతి పెద్ద నీళ్లు మీరాలం చెరువు. ఆయన చెల్లెలు రాజమణి భర్త వైకుంఠం ఫలక్‌నుమాలో లారీ ఇంజన్లు బాగుచేసేవాడు. కాకినాడలో మరపడవ ఉన్న లక్ష్మయ్య మంచి జీతమిస్తాననడంతో వెళ్లి, ఆ చేపల పడవలో ఇంజన్ డ్రైవరుగా చేరాడు. చేరిన ఏడాదే సముద్రం మధ్యలో ఇంజను ఆగి, పడవ మూడు రోజులు కొట్టుకుపోయింది. వాళ్లు ఉన్నారో పోయారో ఒడ్డున ఎవరికీ తెలియలేదు. ఇంకో పడవవాళ్లు చూసి లాక్కొచ్చారు కాబట్టి బతికిపోయారు. ఆ సంగతి ఉత్తరంలో చదువుకున్న రాజమణి నేరుగా వచ్చి అన్న దుకాణం ముందు నిలబడింది.

"అన్నా, ఊరందరి రేడియోలు మాట్లాడిపిస్తవు. నా పెనిమిటి పడవల ఒక్కటి పెట్టలేవా? లేదంటే ఆయన్ని వాపస్ పిలిపించుకుంట. ఈ ఫికర్ నాతోని కాదు."

"గింత దానికి ఏడుపేంది? రేడియో ఏడున్నా రేడియోనే. నేనే పొయ్యి పెట్టొస్త," అన్నాడు దుర్గయ్య.

సంగతి ఉత్తరం రాస్తే, అటూ ఇటూ మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్ల ఖర్చు తనదేనని, సర్కారు పర్మిషన్లు తానే తెచ్చుకుంటానని లక్ష్మయ్య జవాబు రాశాడు. ఏ సెట్టు కొనాలో తెలిసినవాళ్లను అడగమని రాజమణి అన్న ప్రాణం తీసి, అలియాబాదులో రామలింగయ్య ఇంటికి లాక్కుపోయింది. ఆయన ఓడల మీద ఇరవై ఏళ్లు వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. పాపం, ఓపిగ్గానే చెప్పాడు.

"చిన్న సెట్టు మాట ఇంచుమించు కంటిచూపు దూరమే పోతది. మీవాళ్లు మస్తు లోపలికి పోతరు కాబట్టి పెద్దదే కొనుర్రి. ఒడ్డుకొకటి, పడవలొకటి. బ్యాటరీ నీళ్లు తగలకుండ ఎత్తుల పెట్టాలె. ఏరియల్ తీగ స్తంభం తాళ్లకు తగలొద్దు. ఇగ ఎర్త్ సంగతి..."

"ఎర్త్ గురించి నాకు చెప్తున్నవా సార్? ముప్పై ఏండ్లసంది గదే పని."

"అది కాదు దుర్గయ్యా, పడవలనైతే..."

"చాయ్ చల్లగైతుంది సార్, తాగుర్రి."

రామలింగయ్య చాయ్ తాగాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడికి నాలుగో కాలు చూపించడం ఎవరి తరం? పెద్ద సెట్లే కొన్నారు. అవి దుర్గయ్యకు నచ్చిన కారణం వేరు. చేత్తో ఎత్తి చూస్తే చిన్నవాటికంటే బాగా బరువున్నాయి.

కాకినాడ రైలెక్కేటప్పుడు రాజమణి చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంది, దుర్గయ్య నెత్తిన సెట్లు కాక ఒక గోనెసంచి ఉంది. సంచిలో ఏముందనుకున్నారు? శాలిబండ మట్టి. తన పెరట్లో తవ్విన మట్టి, దాంతోపాటు బొగ్గు, ఉప్పు. సముద్రం మీద మట్టి దొరకదు కదా, ముందుచూపున్న మనిషి. సముద్రానికి ఉప్పు కూడా మోసుకుపోయినవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

అన్యాయంగా మాట్లాడకూడదు, మిగతా పని దుర్గయ్య బాగానే చేశాడు. బ్యాటరీని ఎత్తులో పెట్టి బిగించాడు, ఏరియల్ తీగను తాళ్లకు దూరంగా లాగి కట్టాడు. ఆ తర్వాత మూరెడు ఎత్తు కుండ ఒకటి తెప్పించి, అందులో రాగి రేకు నిలబెట్టి, తెచ్చిన మట్టి కూరి, ఎర్త్ తీగ తగిలించి, ఆ కర్ర పడవ అడుగున కదలకుండా కట్టేశాడు. లక్ష్మయ్య వంగి చూశాడు.

"ఇదేంటండీ మేస్త్రీగారూ, తులసికోటాండీ?"

"ఎర్త్. రోజు చెంబెడు మంచినీళ్లు పోయాలె. సముద్రం నీళ్లు పొయ్యొద్దు, రేకు ఖరాబైతది," అన్నాడు దుర్గయ్య. వైకుంఠం భక్తిగా తల ఊపాడు.

రెండో సెట్టును ఒడ్డున లక్ష్మయ్య షెడ్డులో పెట్టి, దానికి మామూలుగా నేలలోనే ఎర్త్ వేశాడు. రేవులో ఆగివున్న పడవలోంచి వైకుంఠం మాట్లాడితే షెడ్డులో గంట కొట్టినట్టు వినిపించింది. వంద గజాల దూరం, గట్టిగా అరిచినా వినిపించేది. అందరూ చప్పట్లు కొట్టారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మాట్లాడాలని చెప్పుకున్నాక పడవ వెళ్లిపోయింది.

మొదటి సాయంత్రం వైకుంఠం గొంతు దోమ పాటలా వచ్చింది. మర్నాడు పొద్దున అదీ లేదు. గాలి లేచింది. రేవులో తుఫాను గుర్తు ఎగరేశారు. మిగతా పడవలు ఒక్కొక్కటే ఒడ్డు చేరాయి, లక్ష్మయ్య పడవ ఒక్కటే రాలేదు.

"ఎక్కడున్నారో తెలిస్తే చాలండి, పెద్ద బోటు పంపి లాగించేస్తాను. దిక్కు తెలీకుండా ఎటని పంపనండీ?" అన్నాడు లక్ష్మయ్య.

దుర్గయ్య నోటికి అలవాటైన మాటే వచ్చింది. "కుండల నీళ్లు పోసిండ్రో లేదో."

రాజమణికి ఒళ్లు మండిపోయింది. "పడవల తాగే నీళ్లెన్ని ఉంటయన్నా? గవి మట్టిల పోస్తరా? సుట్టూత గన్ని నీళ్లు పెట్టుకొని గా కుండెందుకు?"

ఆమె కోపంతో అన్నది గానీ, ఆ మాట దుర్గయ్యకు వేరేచోట తగిలింది. చుట్టూ నీళ్లు, అందులోనూ ఉప్పునీళ్లు. ముప్పై ఏళ్లుగా గోతుల్లో ఉప్పు కలిపి, తడిపి తాను తయారుచేసేది అదే. అక్కడ అది పడవ చెక్కకు అవతల జానెడు దూరంలో అంతులేకుండా ఉంది. రేకు వెయ్యాల్సింది అందులో. కర్ర పడవలో కట్టిన కుండెడు మట్టి ఏ భూమినీ తాకదు. రామలింగయ్య చెప్పబోయింది అదేనని దుర్గయ్యకు అప్పటికి అర్థమైంది.

పడవ మాట ఒడ్డుకు చేరకపోయినా, ఒడ్డు సెట్టుకు ఎర్త్ బాగుంది కాబట్టి ఇక్కడి మాట అక్కడ వినబడుతూ ఉండొచ్చు. కానీ సెట్టున్న మిగతా పడవలన్నీ కూడా వింటాయి. షెడ్డు ముందు అప్పటికే ఇరవై మంది పోగయ్యారు. దుర్గయ్య మైకు పట్టుకుని, "బావా, కుండ జర ఖరాబైనట్టుంది," అని మొదలుపెట్టాడు.

"గట్ల కాదన్నా," అంది రాజమణి. ఆమె కళ్లనిండా నీళ్లు. "ఆయనకు నీ మీద మస్తు నమ్మకం. నీది తప్పని నువ్వు చెప్పేదాక గా కుండను ముట్టనే ముట్టడు."

అక్షరాలా నిజం. వైకుంఠం తన గొంతు ఎండబెట్టుకునైనా కుండకు నీళ్లు పోసే రకం. దుర్గయ్య మళ్లీ మైకు నొక్కాడు.

"బావా, నాది తప్పు. కుండ పలగ్గొట్టు. రేకును తీగతోనే సముద్రంల ఎయ్యి. నాది తప్పు."

గరగర తప్ప జవాబు లేదు. మళ్లీ చెప్పాడు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా చెప్పాడు. మొదటి పదిసార్లు సిగ్గేసింది, ఆ తర్వాత సిగ్గు పోయి భయం మిగిలింది. చెల్లెలి మొహం చూడలేక గోడ వైపు తిరిగి చెప్పాడు. బయట కిసుక్కుమన్నవాళ్లు కూడా కాసేపటికి నవ్వడం మానేశారు.

పగలు పదకొండున్నర దాటాక గరగర మధ్య నుంచి వైకుంఠం గొంతు తేటగా వచ్చింది. ఇంజన్లోకి నీళ్లెక్కి ఆగిపోయిందని, మనుషులంతా బాగున్నారని, రేవుకు ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నారో చెప్పాడు. లక్ష్మయ్య పెద్ద బోటు పంపడానికి పరుగెత్తాడు. రాజమణి నేల మీద కూలబడి ఏడుస్తూ నవ్వింది.

"బావా, ఇంకో మాట," అంది వైకుంఠం గొంతు.

"చెప్పు బావా."

"కుండ పలగ్గొట్టుమన్నది మంచిగ వినబడ్డది. రేకు నీళ్లల్ల ఎయ్యుమన్నది గూడ వినబడ్డది. దానికి ముంగట ఏదో అన్నవు సూడు, గదొక్కటే సరిగ్గ వినబడలే. ఇంకోసారి చెప్పు."

షెడ్డు ముందు జనమంతా చెవులు రిక్కించారు. దుర్గయ్య మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాది తప్పు బావా," అన్నాడు. అటు నుంచి అడక్కముందే ఇంకోసారి కూడా అన్నాడు.