ఆదివారం సైకిలు

గద్వాలలో యాభై దాటిన మగవాడు సైకిలు తొక్కుతూ కనబడితే జనం రెండే అనుకుంటారు. బండి చెడిపోయి ఉండాలి, లేదా బతుకు చెడిపోయి ఉండాలి. మొదటిదైతే పలకరిస్తారు, రెండోదైతే జాలిగా చూస్తారు. మా వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన "ఏం సారూ, బండి ఖరాబైందా?" అని నన్ను అడగని ఆదివారం ఉండేది కాదు. ఖరాబు కాలేదు, అసలు నాకు బండే లేదని ఒకరోజు విసుక్కుంటూ చెప్పాను. అప్పటి నుంచి ఆయన పలకరించడం మానేసి జాలిపడటం మొదలుపెట్టాడు. దానికంటే ఆ పలకరింపే నయం.

నాకు పెళ్ళి కాలేదు. చేసుకోకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు. ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి, పోయాయి. తర్వాత ఎవరూ తేలేదు, నేనూ అడగలేదు. ఉద్యోగం నాగర్‌కర్నూల్‌లో మొదలై, వనపర్తిలో చాలాకాలం సాగి, చివరికి గద్వాలకు వచ్చి ఆగింది. బదిలీ అయిన ప్రతిసారీ ఆఫీసులో శాలువా కప్పి, ఫోటో దిగి, "మమ్ముల మర్సిపోకు సారూ" అంటారు. నేనెవరినీ మర్చిపోను. మర్చిపోవడానికి నాకున్నదే కొద్దిమంది.

పనిదినాలు ఎలాగో గడిచిపోతాయి. ఆఫీసులో ఫైళ్ళుంటాయి, మనసులో తిట్టుకోవడానికి మనుషులుంటారు. ఆదివారంతోనే నాకు పేచీ. కింది వాటాలో ఉండేవాళ్ళ ఇంటికి చుట్టాలొస్తారు. మాంసం కూర వాసన మెట్లెక్కి నా గదిదాకా వస్తుంది, దాని వెనకే నవ్వులు వస్తాయి. మొదట్లో ఒక గిన్నెలో పెట్టి నాకూ పంపేవాళ్ళు. నేను సరిగ్గా నవ్వి తీసుకోలేదో ఏమో, తర్వాత పంపడం మానేశారు. పొద్దున పది అయ్యేసరికి గది నాలుగు గోడలూ నా మీదికి వచ్చేవి.

ఆ గోడల నుంచి నన్ను బయటపడేసింది నా రేసు సైకిలు. నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, బదిలీ మీద పోతున్న ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి దగ్గర కొన్నాను. అచ్చమైన ఉక్కు ఫ్రేము, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, వెనక చక్రానికి నాలుగైదు గేర్లు. గేరు మార్చాలంటే వంగి, ఫ్రేము మీదున్న చిన్న పుల్లను లాగాలి. దానికి మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, గంట కూడా లేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే గద్వాలలో బయలుదేరి, జూరాల కట్ట మీదుగా కృష్ణ దాటి, ఆత్మకూరులో టీ తాగి వెనక్కి వచ్చేవాణ్ణి. దారిలో ఎవరితోనూ మాట్లాడేది లేదు. అయినా ఇంటికొచ్చి పడుకుంటే ఒక పని చేసినట్టు ఉండేది.

మూడేళ్ళ కిందట కట్ట దాటిన తర్వాత వచ్చే ఎత్తు మీద మోకాలు కలుక్కుమంది. దిగి, సైకిలు నెట్టుకుంటూ ఇల్లు చేరాను. దవాఖానకు పోతే డాక్టరు ఎక్స్‌రే చూసి, "సైకిలు మానెయ్యండి, లేకపోతే మోకాలి మీద బరువు పడకుండా తొక్కండి" అన్నాడు. ఎత్తు మీద బరువు పడకుండా ఎలా తొక్కాలో ఆయన చెప్పలేదు. మానేస్తే ఆదివారం ఏం చేయాలో కూడా చెప్పలేదు.

నాలుగు ఆదివారాలు గదిలోనే ఉన్నాను. ఐదో ఆదివారం ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆఫీసు తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి వెళ్ళి తెరిచి, నా కుర్చీలో కూర్చున్నాను. ఫ్యాను వేసుకుని సాయంత్రందాకా ఊరికే కూర్చున్నాను. ఇట్లా అయితే పిచ్చి పడుతుందని భయం వేసింది. ఆ భయమే సైకిలును నా మోకాలికి తగ్గట్టు మార్చుకోవడానికి నన్ను పురికొల్పింది.

వీడియోల్లో చూసి తెలుసుకున్నదేమిటంటే, పాత ఉక్కు ఫ్రేముకు కొత్తకాలపు గేర్లు ఎక్కించవచ్చు. ముందు చిన్న పళ్ళచక్రం, వెనక అరచేయంత పెద్ద పళ్ళచక్రం ఉంటే ఎంత ఎత్తైనా కాలు తేలిగ్గా తిరుగుతుంది. గేరు మార్చడానికి వంగక్కర్లేదు, బ్రేకు పక్కనే వేలితో నొక్కితే చాలు. కొత్త సైకిలే కొనుక్కోవచ్చు కదా అని ఆఫీసులో ఒకాయన అన్నాడు. ఇన్నేళ్ళ నుంచి నాతో ఉన్నది ఇదొక్కటే అని ఆయనతో అనలేదు. నవ్వుతాడు.

సామాను ఒక్కొక్కటిగా కొరియర్‌లో తెప్పించాను. వచ్చాక తెలిసింది అసలు తిప్పలు. పాత ఫ్రేము వెనక కాళ్ళ మధ్య ఎడం తక్కువ, కొత్త చక్రం ఇరుసు వెడల్పు ఎక్కువ. ఉక్కు మంచిది, వంచితే వంగుతుంది, వంగినచోట నిలుస్తుంది. పొడవాటి మర బోల్టును ఆ రెండు కాళ్ళ మధ్య పెట్టి, నట్టు కొంచెం కొంచెంగా తిప్పుతూ ఫ్రేమును విప్పార్చాలి. వీడియోలో ఒక తెల్లాయన నట్టు తిప్పుతుంటే ఆయన కూతురు ఫ్రేము పట్టుకుంది. నేను మంచం కోడుకు తాడుతో కట్టేశాను. రెండు పక్కలా సమానంగా విప్పారిందో లేదో దారం కట్టి చూసుకుంటే సరిగ్గా ఉంది. ఎవరికైనా చూపించాలనిపించింది. కిందికి దిగాను. కింది వాటా తలుపు వేసి ఉంది. మళ్ళీ పైకెక్కాను.

పెడళ్ళ ఇరుసు బిగించడానికి, చక్రం వంకర తీయడానికి నా దగ్గర పనిముట్లు లేవు. కోట వైపు రోడ్డు మీద నా కంటే కొంచెం పెద్దవాడు ఒకాయన సైకిల్ షాపు నడుపుతాడు. రాయచూరు వైపు మనిషి, మాటల మధ్యలో కన్నడం దొర్లుతుంటుంది. సైకిళ్ళంటే ప్రాణం పెడతాడు కానీ నా సైకిలును మాత్రం కాలు విరిగిన మేకను చూసినట్టు చూసేవాడు. "గిదేం సైకిల్ సారూ, నిలవెడదమంటె స్టాండ్ గూడ లేదు" అని గొణిగేవాడు. ఆఫీసు పని మీద నేను హైదరాబాద్ పోవలసి వచ్చింది. వచ్చేలోపు ఆ రెండు పనులు చేసిపెట్టమని సైకిలు ఆయనకు అప్పజెప్పి వెళ్ళాను.

తిరిగి వచ్చి నేరుగా షాపుకు పోయాను. ఇరుసు బాగానే బిగించాడు, చక్రం వంకర తీశాడు. దాంతోపాటు వెనక ఒక క్యారియర్ పెట్టించాడు. పాలవాళ్ళ సైకిళ్ళకు ఉంటుందే, నల్లటి ఇనుప క్యారియర్, అది. నా ఫ్రేముకు దాన్ని బిగించడానికి బెజ్జాలు లేవు కాబట్టి, పక్క షాపులో వెల్డింగ్ చేయించాడు. సన్నటి, పల్చటి ఉక్కు గొట్టాలు అవి. వాటికి వెల్డింగ్ మంట తగిలితే ఎక్కడ బలహీనపడతాయో, ఏ రోజు విరుగుతాయో ఎవరూ చెప్పలేరు. ఇన్నేళ్ళుగా నేను కాపాడుకుంటూ వచ్చిన ఫ్రేము మీద రెండు మసిబారిన అతుకులు కనబడ్డాయి.

నాకు కోపం ఎక్కువ. ఒంటరివాడి కోపానికి ఒక ఇబ్బంది ఉంది, ఇంట్లో దాన్ని ఆపేవాళ్ళెవరూ ఉండరు కాబట్టి అది బజారులోనే పూర్తిగా బయటపడుతుంది. నిన్నెవరు పెట్టమన్నారు, నేను అడిగానా, రేసు సైకిలుకు ఎవడైనా క్యారియర్ పెడతాడా అని అరిచాను. పక్క షాపులవాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. ఆయన మాత్రం నిజంగానే ఏం తప్పు చేశాడో తెలియనట్టు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నువ్వు చెప్పుడు మర్సిపోయినవనుకున్న సారూ" అన్నాడు. "గన్ని కొత్త సామాన్లు ఏయించినవ్, వెనక జాగ లేకపాయె. ఒక్కనివే ఎట్ల పోతవ్ గంత దూరం? తొవ్వల ఎవరన్న చెయ్యెత్తితె ఎక్కించుకోవా?"

"నన్నెవ్వరు చెయ్యెత్తి ఆపరు" అన్నాను. అది కోపంగా అనబోయాను. అనే సమయానికి గొంతులో కోపం లేదు.

ఆయన చేతిగుడ్డ భుజం మీద వేసుకుని, "పరేషాన్ గాకు సారూ, వచ్చే వారం కోసేస్త" అన్నాడు. కోసినా మసి మచ్చలు పోవు, మళ్ళీ మంట తగలడం తప్ప లాభం లేదు. అయినా సరేనన్నాను. క్యారియర్‌తోనే సైకిలు ఇంటికి తెచ్చుకున్నాను. ఇస్త్రీ ఆయన దాన్ని చూసి, చాలా రోజుల తర్వాత నోరు విప్పి, "ఇప్పుడు సైకిల్ లెక్క ఉంది సారూ" అన్నాడు.

ఆ ఆదివారం బయలుదేరాను. గేర్లు అద్భుతంగా పనిచేశాయి. కట్ట మీద చేపలు వేయించే కొట్లవాళ్ళు అప్పుడే పొయ్యిలు వెలిగిస్తున్నారు. కట్ట దాటి, మోకాలు పట్టుకున్న ఆ ఎత్తు దగ్గర వెనక పెద్ద పళ్ళచక్రం మీదికి చైను ఎక్కించాను. కాళ్ళు నీళ్ళలో తిరిగినట్టు తిరిగాయి. మోకాలు ఉందనే తెలియలేదు. నా ఆదివారం నాకు తిరిగి వచ్చిందని అనుకున్నాను, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

ఎత్తు సగంలో ఒక ముసలాయన చెయ్యి ఎత్తాడు. భుజం మీద తువాలు, చేతిలో మందుల కవరు. నేను ఆగీ ఆగకముందే, అడగకుండా, క్యారియర్ మీద ఒక పక్కకు కాళ్ళు వేసి కూర్చున్నాడు. "నడువు బిడ్డా" అన్నాడు.

గొట్టాలు విరుగుతాయేమోనని నా ప్రాణం నా దగ్గర లేదు. అవి విరగలేదు. పాత గేర్లే ఉంటే అక్కడ నా ఒక్కడి బరువే లాగలేకపోయేవాణ్ణి. ఇప్పుడు నెమ్మదిగానే అయినా ఇద్దరం ఎక్కుతున్నాం. ఆయన పడకుండా ఉండటానికి ఒక చెయ్యి నా నడుము మీద వేశాడు. ఎండలో పని చేసిన గరుకు చెయ్యి, చొక్కా మీది నుంచే తెలుస్తోంది. నన్ను ఒక మనిషి ఆఖరిసారి ఎప్పుడు ముట్టుకున్నారో గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు. శాలువా కప్పేటప్పుడు కూడా వాళ్ళు శాలువానే పట్టుకుంటారు.

ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో మట్టిపని చేశాడట. భార్య అక్కడే జ్వరంతో పోయిందట. ఊళ్ళో రెండేళ్ళుగా వేరుశనగ సరిగ్గా పండటం లేదట. మధ్యలో ఆగి, "బరువున్ననా?" అని అడిగాడు.

"లేదు, కూసో" అన్నాను.

ఊరి దారి మొదట్లో దిగి, కాళ్ళు విదిలించుకున్నాడు. నేనేదో ఒకటి అనాలని, "వచ్చే ఐతారం గూడ గిటే వస్త" అన్నాను.

"నేనెందుకుంట బిడ్డా? ఇయ్యాల దవాఖాన పని మీద పోయిన. బస్సు దొరకక నడిసిన" అని నవ్వి, "పైలం" అంటూ మట్టిబాట పట్టాడు. ఆత్మకూరు పోయి టీ తాగాను. ఆ రోజు టీ కొట్టులో కూర్చున్నంతసేపూ మనసు అక్కడ లేదు.

సోమవారం షాపుకు పోతే, ఆయన కోత యంత్రం తీసి సిద్ధంగా పెట్టాడు. క్యారియర్‌ను ఉండనివ్వమన్నాను. పైన మడతపెట్టిన గోనెసంచి కట్టమన్నాను, కూర్చునేవాళ్ళకు ఇనుము ఒత్తుకోకుండా. ఆయన కోత యంత్రం లోపల పెట్టేశాడు. కట్టి ఇచ్చాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పోతూనే ఉన్నాను. కానీ ఆ షాపు ఆయన మనసులో ఉన్న రోడ్డు ఇప్పుడు లేదు. మగవాళ్ళకు బండ్లున్నాయి, లేనివాళ్ళకు ఆటోలున్నాయి, ఆడవాళ్ళకు బస్సు ఉచితం. సైకిలును చెయ్యెత్తి ఆపాల్సిన అవసరం ఎవరికుంది? అయినా బస్టాపు కనబడితే నేను వేగం తగ్గిస్తాను. గేరు మార్చుకుంటున్నట్టు నటిస్తాను. నిలబడ్డవాళ్ళు నా వైపు చూస్తారు, గోనెసంచి వైపు చూస్తారు, మళ్ళీ బస్సు వచ్చే వైపు చూస్తారు. ఇంత చదువుకుని, ఇంత ఉద్యోగం చేసి, రోడ్డు మీద మనుషుల కోసం ఇలా ఆశపడటం సిగ్గుచేటే. సిగ్గుపడుతూనే వేగం తగ్గిస్తున్నాను.

మొన్న ఆదివారం కట్ట అవతల స్టాపులో ఒకే ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, పక్కన కూరగాయల సంచి. నేను నటించడం మానేసి, నేరుగా ఆమె ముందు ఆగాను.

"ఎక్కుతవా అమ్మా? వెనక జాగ ఉంది" అన్నాను.

ఆమె నన్ను, సైకిలును కిందికీ పైకీ చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "బస్సొస్తది బిడ్డా. నువ్వు పో, ఎండెక్కుతది."

నేను పోలేదు. సైకిలును స్టాపు స్తంభానికి ఆనించి, ఆమెకు కొంచెం ఎడంగా అరుగు మీద కూర్చున్నాను. ఏ ఊరని అడిగింది, చెప్పాను. పిల్లలెందరని అడిగింది, లేరన్నాను. ఆమె సంచిలోంచి ఒక దోసకాయ తీసి, విరిచి, సగం నా చేతిలో పెట్టింది. ఆ రోజు బస్సు చాలా ఆలస్యంగా వచ్చింది. అది ఇంకా ఆలస్యమైతే బాగుండనుకున్నాను.