నూలు ధర తెలిసిన నాకు

నాలుగుసార్లు కోరుట్లకు పోయి అడిగినా సార్ నాకు జవాబు చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

ఆయన రిటైరైన ఎకనామిక్స్ లెక్చరర్. ఏది అడిగినా ముందు కళ్లద్దాలు తీసి కండువా అంచుతో తుడుచుకుంటారు, ఆ తర్వాతే మాట. సిరిసిల్లలో మా మరమగ్గాల షెడ్డుకు తువ్వాళ్ల కోసం వచ్చినప్పుడు అలాగే తుడుచుకుని చెప్పారు.

"వడ్డీలు తగ్గిస్తే బయట పైసలు ఎక్కువైతయి తమ్మీ. గా పైసలు ఊకుంటయా? షేర్లల్లకు ఉరుకుతయి, ధర లేస్తది."

నమ్మాను. నడుస్తున్న రెండు మరమగ్గాలను, మా మాటలో సాంచలను, పాత ఇనుము ధరకు అమ్మాను. వడ్డీలు తగ్గించారని టీవీలో చెప్పేదాకా ఆగి, ఆ రోజే షేర్లు కొన్నాను. సాయంత్రం నుంచే పడడం మొదలైంది, ఇంకా లేవలేదు. సార్ తనవి ముందురోజే అమ్ముకున్నారని తర్వాత తెలిసింది.

వడ్డీ తగ్గినా ధర ఎందుకు పడిందని పోయి అడిగితే నవ్వారు. "పండుగ చీరల ఆర్డర్ అస్తదంటెనే మీ సిరిసిల్లల నూలు పిరమైతది గదా? ఆర్డర్ చేతికచ్చినంక పెరుగుతదా? గిది గూడ గంతే. వడ్డీ తగ్గుతదని అందరు ముందుగాలనే కొన్నరు. సాంచ నడిపెటోనికి నేను చెప్పాల్నా?"

నిజమే, నూలైతే నేనూ ముందే కొనిపెట్టుకునేవాణ్ని. అదే ఎక్కువ మండుతోంది.

"మరి మీరమ్మిన రోజు నాకొక్క ఫోన్ ఎందుకు చెయ్యకపోతిరి సార్?" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ లోపలికి పోయారు. నాలుగుసార్లూ అంతే.

ఈపాటికి ఆ అద్దాలు తళతళలాడుతుంటాయి. పెట్టుకొని, నా మొహం చూసి చెప్పండి సార్. ఎందుకు చెయ్యలేదు?